సత్యవాణి చేతికొచ్చిన తొలి బుల్లెట్టు

తవిటయ్య బల్బు పెట్టి చూస్తే గాని బెంగాల్లోని మా రైల్వే ఊళ్ళో ఝపటాపూర్ పేట తెలుగువాళ్ళ ఇళ్ళలో కొత్త వైరింగుకి కరెంటు ఇవ్వరు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదది. గృహప్రవేశానికి పంతులుగారు ఎలాగో, మెయిన్ స్విచ్ వేయడానికి తవిటయ్య అలాగ. చంకలో గొడుగు, చేతిలో రెండు తీగల చివర వేలాడే బల్బు. వచ్చి, గోడకోసారి, స్విచ్చు బోర్డుకోసారి తీగ మొనలు ఆనించి చూస్తాడు. వెలగకూడని చోట బల్బు వెలగకపోతే "క్లీన్" అంటాడు. ఆ ఒక్క మాట పడ్డాకే ఇంట్లో లైట్లు. రైలు పెట్టెల్లో దీపాలూ ఫ్యాన్లూ చూసుకునే ట్రైన్ లైటింగ్ సెక్షన్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు డెబ్బై దాటాయి.

అంతటి తవిటయ్య కిందటి కార్తీకంలో ఒక సోమవారం పొద్దున తన పాత బుల్లెట్టు ఎక్కి కాదు, దాన్ని తోసుకుంటూ వచ్చి సత్యవాణి కొట్టు ముందు ఆగాడు. ఎదురుగా చాయ్ దుకాణంలో ముడి, అదే మన మరమరాలు, తింటున్నవాళ్ళు నమలడం ఆపేశారు. ఎందుకంటే సత్యవాణిది మోటారు సైకిళ్ళ కొట్టు కాదు. ఆమె ఫ్యాన్లు చుడుతుంది.

నేను ఆ కొట్టుకి మా టేబుల్ ఫ్యాను పట్టుకుని వెళ్ళి, అది బాగయ్యాక కూడా వెళ్తూ వస్తున్నవాణ్ణి. చేతులు పనిలో ఉన్నప్పుడే ఆమెకు మాటలు బాగా వస్తాయి. ఈ సంగతంతా కొంత నేను చూసిందీ, కొంత ఆమె రోజుకింత చొప్పున చెప్పిందీ.

సత్యవాణికి నలభై నాలుగేళ్ళు. పుట్టింది రైల్వే క్వార్టర్లో. తాత శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు. తండ్రి దేముడు ట్రైన్ లైటింగ్‌లో తవిటయ్య కింద ఖలాసీగా మొదలై ఫిట్టరయ్యాడు. ఆ ఇంట్లో ఆటబొమ్మలు తక్కువ, కాలిపోయిన ఫ్యాను కాయిళ్ళు ఎక్కువ. దేముడు కూతురి ముందు ఒక కాయిలు పడేసి, "లెక్కెట్టు, ఎన్ని సుట్లో" అనేవాడు. ఆమె తీగ విప్పుకుంటూ లెక్కపెట్టేది. తొమ్మిదో క్లాసుకి వచ్చేసరికి విప్పడం మానేసి చుట్టడమే మొదలుపెట్టింది.

దేముడు ఇంట్లో తరచు చెప్పే మాటల్లో తన గురువు గురించిన మాట ఒకటి ఉండేది. తవిటయ్య కింద పనిచేసేవాడు తప్పు చేస్తే తవిటయ్య తిట్టడు, "ఇది తప్పురా" అని కూడా అనడు. బల్బు తీసి వాడి చేతిలో పెట్టి, "నువ్వే పెట్టి సూడు" అంటాడు. వాడే పెడతాడు, వాడే చూస్తాడు, వాడే సిగ్గుపడి సరిచేసుకుంటాడు.

పెళ్ళయి సత్యవాణి అదే ఊళ్ళో ఖరిదా పేటకి వెళ్ళింది. భర్త రాజశేఖర్ స్కూలు ఆటో నడుపుతాడు. పిల్లలు బడికి పోయాక వరండాలో ఒక ఫ్యాను, పక్కింటివాళ్ళ మిక్సీ, ఆ వెనకింటి నీళ్ళ మోటారు. అలా అలా ఆ పని ఝపటాపూర్‌లో కొట్టు దాకా వచ్చింది. చదివిన కోర్సు లేదు, గోడకి తగిలించిన సర్టిఫికెట్టు లేదు. తండ్రి దేముడి ఫొటో మాత్రం ఉంది.

ఎండాకాలం ఆమెకు ఊపిరి సలపదు. "దీదీ, ఆజ్‌కే హొబే తో?" అని, ఇవాళే కావాలంటూ ఊరి ఆ చివర ఇందా పేట నుంచి కూడా ఫ్యాన్లు ఆటోల్లో వేసుకుని వస్తారు. దుర్గాపూజ అయిపోయి చలి మొదలైతే నాలుగు నెలలు ఆ చేతులకి పని ఉండదు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. ఆ నెలల్లోనే బండ్ల మీద మనసు పోయింది. ఇంజను పక్కన కూడా ఒక కాయిలు ఉంటుందనీ, దాని చుట్టూ అయస్కాంతం తిరిగితే కరెంటు పుడుతుందనీ తెలిసిన రోజు ఆమెకు నవ్వొచ్చిందట. "తిరగేసిన ఫేనే కదండీ అది! మన ఫేనుకి కరెంటిస్తే తిరుగుద్ది. ఇది తిరిగితే కరెంటిస్తాది." భర్త ఆటో విప్పి చూసుకుంది. ఫోనులో హిందీ వీడియోలు చూసింది. కావలసిందల్లా ఒకరు నమ్మి బండి ఇవ్వడం. రెండు చలికాలాలు అడిగింది. ఒక్కరూ ఇవ్వలేదు.

అందుకే ఆ సోమవారం ఆమె గుమ్మంలోంచి ఒక్క అంగలో రోడ్డు మీదికి వచ్చింది.

"ఏటి పెద్నాన్నా, తోసుకొస్తన్నావు? పెట్రోలు అయిపోనాదా?"

తండ్రికి పెద్దదిక్కుగా ఉన్న మనిషి గనుక ఆయన్ని ఆమె పెద్నాన్న అంటుంది.

"పెట్రోలు నిండా ఉన్నాది. బేటరీయే పడిపోనాది మళ్ళీ," అన్నాడు తవిటయ్య, రొప్పు తీర్చుకుంటూ. "నాలుగు నెలలబట్టి ఇదే తంతు. ఆ బుజ్జిబాబుగాడు బేటరీ మార్సినాడు, రెట్టిఫయరు మార్సినాడు, కాయిలు ఇప్పి సూసినాడు. ఏ సామానుకా సామాను బాగానే ఉన్నాదంటాడు. సార్జి మాత్రం ఎక్కదు. ఆడికి పనీ రాదు, నిజమూ రాదు."

బుజ్జిబాబు ఖరిదా మలుపులో మోటారు సైకిళ్ళు బాగుచేసే మెకానిక్కు. ఆ పూట ఎదురుగా చాయ్ దుకాణంలోనే ఉన్నాడు. మాట చెవిన పడనే పడింది.

"పెద్దాయనా, పని రాదంటే రాదను. నిజం రాదంటే మాత్రం ఊరుకోను. అయినా ఫేన్లు సుట్టే కాడికి తెచ్చినావేటి? దానికీ రెక్కలెట్టిస్తావా?"

"రెక్కలు నేకపోతే ఏటి తమ్ముడూ, కాయిలుంది కదా," అంది సత్యవాణి. "నువ్వు మూడు మాట్లు ఇప్పినావు. నన్నొక మాటు ఇప్పనీ."

చాయ్ దుకాణంలో నవ్వులు లేచాయి. తవిటయ్య నవ్వలేదు.

"ఇనమ్మీ. బేస్తవారం మేదినీపూర్ ఆఫీసులో బండి సూపించాలి. రిజిస్ట్రేసను ఇంకో ఐదేళ్ళు పొడిగించాలంటే లైటు ఎలగాలి, హారను మోగాలి, ముందు బండి అక్కడిదాకా ఎల్లాలి. అవ్వకపోతే ఇంక తుక్కుకే. బుదవారం సాయంత్రం దాకా నీకు టైము. అయిందా, నాను ఊరంతా సెప్తాను. అవ్వలేదా..." కాస్త ఆగాడు. "అవ్వకపోతే ఫేన్లే సుట్టుకో. అదీ మంచి పనే."

మెత్తగానే అన్నాడు. కానీ తవిటయ్య ఒకసారి "కాదు" అన్నాక ఆ పేటలో మళ్ళీ ఎవరూ అడగరు. ఆ సాయంత్రం ఆమె భర్తతో అంది: "ఈ ఒక్క బండీ సేయనేకపోతే నాను ఇంక బండ్ల మాటెత్తను." రాజశేఖర్ ఆటోలో ఉన్న పెద్ద పాననూ, చిన్న స్టూలూ తెచ్చి ఆమె కొట్లో పెట్టాడు.

బేటరీని చార్జరు మీద పెట్టి, మంగళవారం పొద్దున తీసి, రెండు గంటలు ఊరికే ఉంచి మీటరు పెట్టింది. పన్నెండున్నర వోల్టుల పైన నిలకడగా నిలిచింది. అంటే బేటరీ మంచిదే. బండికి తగిలించి కిక్కు కొట్టింది. రెండో కిక్కుకే బుల్లెట్టు దడదడమంది.

ఆ పాత బుల్లెట్టుకి హెడ్‌లైటు పైన చిన్న గుండ్రటి మీటరు ఉంటుంది. బేటరీలోకి కరెంటు ఎక్కుతుంటే ముల్లు కుడికి వాలుతుంది. బేటరీలోంచి ఖర్చవుతుంటే ఎడమకి. ఇంజను ఎంత రేపినా ముల్లు ఎడమనే పడుకుంది. బేటరీ దగ్గర వోల్టులు పద్నాలుగు దాకా పెరగాల్సింది పోయి, మెల్లమెల్లగా దిగుతున్నాయి.

"తినే నోరు బాగానే ఉన్నాది. కంచంలోకి కూడే రావట్లేదు," అంది నాతో.

కూడు ఎక్కడ ఆగిందో చూడాలి. ఇంజను పక్క నుంచి వచ్చే రెండు తీగలు ఊడదీసి, ఇంజను తిరుగుతుండగా మీటరు పెట్టింది. ఇరవై చిల్లర వోల్టులు వస్తున్నాయి. కాయిలు మంచిదే. ఆ విషయంలో ఆమె మాటకి నేను ఎవరి దగ్గరా రెండో మాట అడగను.

ఇక మిగిలింది రెక్టిఫయరు. కాయిల్లో పుట్టే కరెంటు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని ఒకే దిక్కుకి మళ్ళించి బేటరీకి పంపేది ఈ రెక్టిఫయరే. అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బీ. సీటు కింద బండి చట్రానికి ఒకే బోల్టుతో బిగించి ఉంది. బోల్టు విప్పింది. డబ్బీకీ చట్రానికీ మధ్య శుభ్రంగా గుండ్రంగా కత్తిరించిన రబ్బరు బిళ్ళ. బోల్టు చుట్టూ ఫైబరు గొట్టం. చట్రం మీద ఆ చోట తుప్పు గీకి ఎర్ర రంగు పూసి ఉంది.

ఆ పనితనం చూసి ఆమె కాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. "మా నానదీ ఇదే పని. రైలు పెట్టె కింద బాక్సు కట్టినట్టే ఉన్నాది సూడండి. పెద్నాన్న సెయ్యి ఇది," అని నాకు చూపించింది.

రెక్టిఫయరుని బల్ల మీద పెట్టి నాలుగు వైపుల నుంచీ మీటరు పెట్టి చూసింది. పోవాల్సిన వైపు పోనిస్తోంది, ఆపాల్సిన వైపు ఆపుతోంది. అదీ మంచిదే. ఫైబరు గొట్టాన్నీ, రబ్బరు బిళ్ళనీ ఉన్నవాటిని ఉన్నట్టే, ఇంకా ముద్దుగా పెట్టి బిగించింది. ఇంజను స్టార్టు చేసింది. ముల్లు ఎడమకే.

బేటరీ మంచిది. కాయిలు మంచిది. రెక్టిఫయరు మంచిది. మూడూ మంచివే, కలిపితే పనిచేయవు. బుజ్జిబాబు అబద్ధం చెప్పలేదన్నమాట. నాలుగు నెలల్లో అతను నిలబడ్డ చోటికే ఆమె ఒక్క పూటలో వచ్చి నిలబడింది. అక్కడి నుంచి దారి లేదు.

మధ్యాహ్నం తవిటయ్య భార్య నూకాలమ్మ వచ్చింది. బండి ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మని ఆయన పంపాడు గాని, ఆమెకు బండి మీద ఏమంత ప్రేమ లేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"బాగవ్వకపోయినా నాకేటీ బాధ నేదమ్మీ. దీనికి రోజూ దుప్పటి కప్పుతాడు. ఇన్నేళ్ళ కాపురంలో నాకొక్క మాటు కప్పినాడేటి?"

"నువ్వు వానలో తడవవు కదా పెద్దమ్మా."

"ఆఁ, వాన! ఆషాడంలో ఒక మాటు తడిసిందని పూటంతా దాని పక్కనే కూకున్నాడు. తుప్పు గీకినాడు, రంగేసినాడు, రబ్బరెట్టినాడు. పురుడు పోసినట్టే పోసినాడు. ఆ వారానికే అది మొరాయించింది. నా దిష్టి తగిలిందంట! ఇంటికొచ్చినోళ్ళందరికీ అదే సెప్తాడు."

సత్యవాణి నవ్వింది. నూకాలమ్మ వెళ్ళాక కూడా కాసేపు నవ్వుకుంది. తరువాత నవ్వు ఆగిపోయింది. బుజ్జిబాబు మార్చిన ప్రతిదీ బండి పాడయ్యాక చేసిన పని. పాడవక ముందు ఆ బండి మీద పడ్డ చెయ్యి ఒక్కటే.

ఆ ఆలోచన ఆమెకు నచ్చలేదు. పక్కకి నెట్టేసి ఇంటికి వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున కొట్టు తెరుస్తూనే పాత కాలెండరు కాగితం ఒకటి తిరగేసి పెన్సిలుతో కరెంటు దారి గీసింది. తండ్రి నేర్పిన పద్ధతి: పోయే దారి గీయి, వచ్చే దారి గీయి, రెండూ కలిస్తేనే దీపం. కాయిలు నుంచి రెక్టిఫయరుకి రెండు తీగలు. రెక్టిఫయరు నుంచి బేటరీ ప్లస్సుకి ఒక తీగ. బేటరీ మైనస్సు నుంచి మళ్ళీ రెక్టిఫయరుకి... పెన్సిలు ఆగిపోయింది. అక్కడ తీగ లేదు.

రైలు పెట్టెలో అయితే ఉంటుంది. పోవడానికొక తీగ, రావడానికొక తీగ. పెట్టె ఇనుముకి కరెంటు తగలకూడదు. తగిలిందంటే అదే రోగం. ఆ రోగాన్ని వెతికి పట్టుకోవడమే దేముడూ తవిటయ్యా జీవితమంతా చేసిన ఉద్యోగం. ఎక్కడ అనుమానమొస్తే అక్కడ రబ్బరు, ఎక్కడ బోల్టుంటే అక్కడ ఫైబరు. అది మంచి పనివాడి గుర్తు.

మోటారు సైకిలుకి ఆ రెండో తీగ ఉండదు. బండి చట్రమే ఆ తీగ. బేటరీ మైనస్సు చట్రానికి తగలాలి. రెక్టిఫయరు ఒళ్ళూ చట్రానికి తగలాలి. ఆ ఒక్క బోల్టే దానికి దారి. ఆ దారిలో ముచ్చటైన రబ్బరు బిళ్ళ ఒకటి కూర్చుని ఉంది. నిన్న దాన్ని మెచ్చుకుని మళ్ళీ పెట్టింది తనే.

"నన్ను నానే సెంపదెబ్బ కొట్టుకోవాలనిపించిందండీ," అంది. "బుజ్జిబాబుకి తెలవకపోవచ్చు, ఆడు రబ్బరెందుకో పట్టించుకోడు. ట్రైన్ లైటింగోళ్ళ పిల్లని, నాకు అది అందంగా కనపడ్డాది!"

అనుకోవడం వేరు, చూడటం వేరు. ఇంజను స్టార్టు చేసి, మీటరు ఒక మొన రెక్టిఫయరు ఒంటి మీదా, ఇంకో మొన బేటరీ మైనస్సు మీదా పెట్టింది. రెండూ ఒకటే అయితే సున్నా చూపించాలి. ఏడు వోల్టుల పైన చూపించింది. తరువాత జానెడు తీగ ముక్క తీసుకుని అదే రెండు చోట్లా ఆనించి పట్టుకుంది. చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ. ఇంజను శబ్దం ఒక్క పిసరు బరువెక్కింది. ముల్లు లేచి కుడికి వాలింది.

తీగ తీసింది. ముల్లు ఎడమకి. ఆనించింది. కుడికి. నేను చూస్తుండగా ఆరేడు సార్లు చేసింది.

తప్పు దొరికింది. బండి గెలిచినట్టే. కానీ ఆమె ముఖంలో సంతోషం అంతంత మాత్రమే. ఆ రబ్బరు తీసేసి బోల్టు బిగించి ఇచ్చేస్తే పది నిమిషాల పని. అడిగితే ఏం చెప్పాలి? పేటలో అందరి ఇళ్ళకీ "క్లీన్" చెప్పే మనిషికి, ఆయన వేసిన రబ్బరే తప్పని, ఆయన దగ్గర ఓనమాలు దిద్దుకున్నవాడి కూతురు చెప్పాలి. నాలుగు నెలలుగా ఆయన వీధిలో బుజ్జిబాబుని అన్న మాటలు ఒకటా రెండా. చెప్పకుండా ఇస్తే, వచ్చే వానకి ఆయన మళ్ళీ ముద్దుగా రబ్బరేస్తాడు. "సత్యవాణి సేసిన పని ఏడాది తిరక్కుండానే పోయింది" అంటారు.

చాలాసేపు ఫ్యాను కాయిలొకటి ఊరికే చేతిలో తిప్పుతూ కూర్చుంది. చివరికి రబ్బరు ఉన్నదున్నట్టే వదిలేసి, ఆయనకి ఫోను చేసింది.

"పెద్నాన్నా, ఒక మాటు రా. వచ్చేటప్పుడు నీ బల్బు తెచ్చుకో. పన్నెండు వోల్టులది."

మూడు గంటలకి ఆయన వచ్చాడు. వెనకే నూకాలమ్మ, తమాషా చూడటానికి. సత్యవాణి స్టూలు వేసింది, సీటు తీసి పక్కన పెట్టింది.

"రెట్టిఫయరు ఒంటికి ఒక మొన, బేటరీ ప్లస్సుకి ఒక మొన. నువ్వే పెట్టి సూడు."

ఆ మాట వినగానే తవిటయ్య ఒకసారి తలెత్తి ఆమెను చూశాడు. తరువాత వంగి తీగ మొనలు ఆనించాడు. బల్బు వెలగలేదు.

"క్లీన్," అన్నాడు వెంటనే. అలవాటైన, తృప్తి పడ్డ గొంతు.

"ఇప్పుడు రెట్టిఫయరు మీదది తీసి, పక్కన సట్రానికి పెట్టు."

పెట్టాడు. బల్బు భగ్గున వెలిగింది.

ఆయన ఆ వెలుగు వంక చూస్తూ ఉండిపోయాడు. మొన మళ్ళీ డబ్బీ మీదికి తెచ్చాడు. ఆరిపోయింది. చట్రం మీదికి. వెలిగింది. రెండింటి మధ్య దూరం రెండు వేళ్ళు. ఆ రెండు వేళ్ళలో తన రబ్బరు బిళ్ళ.

"ఒలమ్మ," అన్నాడు, చాలా మెల్లగా.

"ఏటైంది? ఏటైంది?" అంది నూకాలమ్మ.

"నీ దిష్టి కాదే," అన్నాడు.

తవిటయ్య పాన అందుకుని, తనే బోల్టు విప్పి, రబ్బరు బిళ్ళా ఫైబరు గొట్టమూ లాగి నేల మీద పెట్టాడు. జేబులోంచి చాకు తీసి, చట్రం మీద తను పూసిన ఎర్ర రంగుని తెల్ల ఇనుము కనిపించేదాకా గీకాడు. సత్యవాణి పళ్ళున్న వాషరొకటి అందించింది. బిగించాడు. కిక్కు ఆమే కొట్టింది. ముల్లు కుడికి వాలి, రేపిన కొద్దీ అక్కడే నిలబడింది. బేటరీ దగ్గర పద్నాలుగుకి ఒక పిసరు తక్కువ.

"తెలవక కాదమ్మీ," అన్నాడు తవిటయ్య, ఇంజను ఆపాక. "బండికి ఒంటి తీగని నాకు తెలుసు. సెయ్యికే తెలవలేదు. బుజ్జిబాబు ఇప్పిన పెతీ మాటూ, 'నా బండికి బోల్టు నానే బిగిస్తాను, నువ్వు జరుగు' అని ఆ రబ్బరు నా సేత్తోనే ఎట్టినాను. మూడు మాట్లు."

నూకాలమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆ పిల్లోణ్ణి ఎన్నెన్ని మాటలన్నావు! నన్నెన్ని అన్నావు!"

ఆయన ముఖం ముడుచుకుంది. సత్యవాణి గబగబా అంది: "ఎవులైనా అడిగితే బోల్టు లూజైందని సెప్తాన్లే పెద్నాన్నా. అబద్దమేటీ కాదు."

తవిటయ్య బండెక్కి వెళ్ళిపోయాడు. రబ్బరు బిళ్ళ జేబులో వేసుకున్నాడు.

గురువారం పొద్దున ఆయన కాంసావతి నది వంతెన మీదుగా మేదినీపూర్ వెళ్ళాడు. సత్యవాణికి పన్నెండు దాకా పని మీద చెయ్యి ఆనలేదు. ఒక మిక్సీ విప్పి, ఏ స్క్రూ ఎక్కడిదో మరిచిపోయింది. బండి ఆగిపోతుందని ఆమెకు భయం లేదు. ఆగదని తెలుసు. ఆయన తిరిగొచ్చి వీధిలో ఏమంటాడన్నదే. "అయింది" అని మాత్రం అని ఊరుకుంటే, "ఏటైంది, ఎలా అయింది" అని బుజ్జిబాబు అడుగుతాడు. బోల్టు లూజంటే, "బోల్టు బిగించడం కూడా ఒక పనేటి" అంటాడు. అప్పుడు ఆమె చేసింది పని కాదు, అదృష్టం.

ఒంటి గంటకి దడదడ వినిపించింది. పట్టపగలు హెడ్‌లైటు వేసుకుని వచ్చాడు తవిటయ్య. కొట్టు ముందు కాదు, చాయ్ దుకాణం ముందు ఆపాడు. బుజ్జిబాబు అక్కడే ఉన్నాడు. కాగితం పైకెత్తి చూపించి, "ఐదేళ్ళు," అన్నాడు.

"పాసైపోనావేటి పెద్దాయనా! మరేటంట రోగం?" బుజ్జిబాబు సత్యవాణి వైపు తిరిగాడు. "ఏటక్కా, కాయిలా, రెట్టిఫయరా?"

"ఏటీ నేదు తమ్ముడూ, ఒక బోల్టు..."

"అమ్మీ, నువ్వుండు," అన్నాడు తవిటయ్య.

బండి స్టాండు వేశాడు. గొడుగు హ్యాండిలుకి తగిలించాడు. జేబులోంచి రబ్బరు బిళ్ళ తీసి, చాయ్ గ్లాసుల పక్కన బల్ల మీద పెట్టాడు.

"ఇదీ రోగం. నాను ఎట్టిందే. తగలాల్సిన సోట తగలకుండా రబ్బరేసి కూకున్నాను. బుజ్జిబాబు సెప్పిందే నిజం, ఆడి సామాను అన్నీ బాగానే ఉన్నాయి. ఈ దేముడు కూతురు పట్టుకున్నాది. నాకు సెప్పలేదు, నా సేతే పట్టించింది." తరువాత చాయ్ పోసే బెంగాలీ ఆయన వైపు తిరిగి, అతనికి ఎక్కడ అర్థం కాకుండా పోతుందోనన్నట్టు, "దాదా, భూల్ ఆమార్ ఛిలో. ఆమార్," అని, తప్పు తనదేనని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు.

దాదా తల ఊపి, ఆయనకి పంచదార ఎక్కువ వేసిన చాయ్ ఒకటి పోశాడు.

బుజ్జిబాబు రబ్బరు బిళ్ళ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అతను గెలిచినట్టు మాట్లాడతాడేమోనని చూశాను. అలా మాట్లాడలేదు.

"మూడు మాట్లూ కింద పడిపోకుండా దీన్ని నానే పట్టుకుని నీకందించినాను పెద్దాయనా," అన్నాడు. "ఇదెందుకని ఒక్క మాటైనా అడగలేదు. నువ్వు ఎట్టినావంటే ఇంక అడిగేదేటుంటది అనుకున్నాను."

చాయ్ తాగి లేచాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు. సత్యవాణి గుమ్మం దగ్గర నిలబడి, రోడ్డు వైపు చూస్తూ మాట్లాడాడు.

"అక్కా, నా కాడ ఒక బండున్నాది. ఇన్‌స్టిట్యూట్‌లో ఇంజనీరింగు సదివే తెలుగు పిల్లదాన్ది, వర్ష అని పేరు. ఆళ్ళ నాన్న పాత బండంట, హైదరాబాదు నుంచి రైల్లో ఏయించుకుంది. ఒక రోజు సార్జి ఎక్కుద్ది, ఒక రోజు ఎక్కదు. నాకు బుర్ర తిరిగిపోతన్నాది. సాయంత్రం తెస్తాను. ఇద్దరం కలిసి సూద్దామా?"

"తే," అంది సత్యవాణి. చేతిలోని మిక్సీ స్క్రూలు గిన్నెలో వేసి, చీర చెంగుకి చేతులు తుడుచుకుంది. "తెచ్చే ముందు ఆ పిల్లనొక మాట అడిగి రా తమ్ముడూ. బండి పాడవ్వక ముందు దాన్ని ఎవులు బాగుసేసినారో, ఏటి సేసినారో."